ఇరవై నాలుగో సీసా

బుద్ధి ఉన్నవాడు కట్టే పందెం కాదది. కట్టినవాడు చూస్తే ఆరేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మేష్టారు. ఏడాది చివరి సెలవు రోజున అత్తారింట్లో అందరూ కలిసి చేసే భోజనంలో, తను కాచిన బీరు తాగి మామగారు ఒక్క మంచి మాట అంటే ఈ పనిలోనే ఉండిపోతాడు. అనకపోతే మళ్ళీ బడికి పోయి సుద్దముక్క పట్టుకుంటాడు. ఎవరితో కట్టాడయ్యా ఈ పందెం అంటే, తనతో తనే. సాక్షి భార్య ఒక్కతే.

"మా నాన్న నా పెళ్ళి రోజున కూడా మంచి మాట అనలేదు. పందేనికి ఆయనే దొరికాడా మీకు?" అందావిడ. ఆవిడ కేబుల్ కారు దగ్గర టికెట్ల కిటికీలో కూచుంటుంది. రోజంతా జనం అడిగే తిక్క ప్రశ్నలకి అలవాటు పడిన మనిషి కాబట్టి, అంతటితో వదిలేసి కాఫీ కలుపుకుంది.

నిజానికి మేష్టారికి ఇంకో మనిషి పనికిరాడు. తొమ్మిదేళ్ళ కిందట బడి మానేసి, కింది వీధిలో మూతపడ్డ లాండ్రీ అద్దెకి తీసుకొని, బట్టలుతికే తొట్లు పీకించి, వాటి చోట బీరు కాచే స్టీలు డ్రమ్ములు పెట్టించాడు. బార్లీ ఉడికే వాసన వీధి చివరి మెట్ల దాకా వచ్చేది. మంచు చూడ్డానికి కొండెక్కి వచ్చే జనం రెండు గ్లాసులు తాగి, నాలుగు సీసాలు సంచిలో వేసుకొని కిందికి దిగిపోయేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళూ తాగేవాళ్ళు. తాగి, "బాగుంది మేష్టారూ" అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళయినా మేష్టారే! అంటే ఊరి లెక్కలో ఆయన ఇంకా సెలవు మీద ఉన్నాడన్నమాట.

ఈ ఏడు చలికాలం ముందు ఒక డ్రమ్ము మొత్తం పాడై, ముక్కు మూసుకొని కాలవలో పోయాల్సి వచ్చింది. ఆ డ్రమ్ము కడుగుతూ నడుం పట్టేసింది. సరిగ్గా అప్పుడే బడి నుంచి పెద్ద మేడమ్ కబురు పెట్టింది. లెక్కల టీచరు ఊరొదిలి వెళ్ళిపోతోంది, మీరు తిరిగి రాకూడదూ, సెలవు రోజు మధ్యాహ్నం నేనే ఫోన్ చేస్తాను, అవునో కాదో చెప్పేయండి, మర్నాడు పేరు పైకి పంపాలి అని. ఆ రోజు నుంచి మేష్టారి బుర్రలో ఒకటే పురుగు తొలుస్తోంది. నేను చేస్తున్నది పనా, ముదిరిపోయిన సరదానా?

పని అంటే ఏమిటో ఆ ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కడేనని మేష్టారి నమ్మకం. ఆయనే మామగారు. కొండ మీంచి మంచు విరిగిపడి మనుషులు కింద చిక్కుకుపోతే వెతికి తీసే దళం ఒకటుంది ఊళ్ళో. ముప్ఫయ్యొక్కేళ్ళు దానికి పెద్ద ఆయన. మోకాలు అరిగి ఇంటిపట్టున కూచుని అయిదేళ్ళయింది. ఇప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వరసలో లేవనీ, అలమరలో కప్పుల చెవులన్నీ ఒకే వైపు తిరగలేదనీ ఇంటిని సతాయిస్తుంటాడు. "మంచులో తవ్వడానికి ఎవరూ లేక మమ్మల్ని తవ్వుకు తింటున్నాడు" అంటుంది అత్తగారు.

ప్రతి సెలవు భోజనానికీ మేష్టారు ప్రత్యేకంగా ఒక కొత్త రకం కాచి తెస్తాడు. మామగారు ఒక గుక్క తాగి, మీసం తుడుచుకొని, "తాగొచ్చు" అంటాడు. కుళాయి నీళ్ళు పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టరు అన్నట్టు అంటాడు. ఇప్పటికి ఎనిమిదేళ్ళు, ఎనిమిది తాగొచ్చులు.

ఈసారి మేష్టారు ప్రాణం పెట్టి కాచాడు. మాడీ మాడకుండా వేయించిన బార్లీ, వసంతంలో కోసి దాచిన పైన్ చిగుళ్ళు, కొండ తేనె. మొత్తం ఇరవై నాలుగు సీసాలు. ముందు రోజు మధ్యాహ్నమే అత్తారింటికి మోసుకొచ్చాడు. వస్తే ఏముంది, అత్తగారు ఫ్రిజ్‌లో నిమ్మకాయ పెట్టడానికి కూడా చోటుంచలేదు. అంత ఎత్తులో గాలి పలచన. బీరు బాగా చల్లబడకపోతే మూత తియ్యగానే సగం నురగై గోడెక్కుతుంది. అందుకని పెరట్లో గోడ వారన మంచులో పాతిపెట్టాడు. లెక్కల మనిషి కదా, ఊరికే పాతిపెడితే నిద్ర పడుతుందా! వరసకి ఆరు, నాలుగు వరసలు, సీసాకీ సీసాకీ మధ్య జానెడు దూరం, పురికొస పట్టి కొలిచి మరీ పెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. మూలన గుర్తుగా చీపురు కర్ర నిలబెట్టాడు.

మామగారు వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తున్నాడు. "ఏమయ్యా మేష్టారూ, ఎన్నేమిటి?"

"ఇరవై నాలుగు మామయ్యా."

"ఊఁ" అన్నాడు మామగారు.

ఆ రాత్రి మూరెడు మంచు కురిసింది. మర్నాడు పదింటికి భార్యతో కలిసి వచ్చేసరికి పెరడు కడిగిన కంచంలా ఉంది. గోడ వారన మాత్రం మనిషిన్నర ఎత్తు మంచు గుట్ట. గుట్ట ముందు బావమరిది నడుం మీద చేతులు పెట్టుకొని, మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.

ఈ బావమరిది ఊళ్ళో రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. డ్యూటీ దిగి వస్తూ, భోజనానికి వచ్చేవాళ్ళ కాళ్ళు తడవకూడదని, బండితో సహా పెరట్లోకి వచ్చి మంచంతా గోడకి తోసేశాడు. పాపం, మంచి మనసుతోనే చేశాడు. మంచి మనసూ అయిదు టన్నుల బండీ ఒక చోట కలిస్తే ఇలాగే ఉంటుంది.

"అక్కడ చీపురు కర్ర నిలబెట్టానురా!" అన్నాడు మేష్టారు, నీరుగారిపోయి.

"చూశాను బావా. ఊడ్చిపెట్టమని అమ్మ పెట్టిందేమో అనుకున్నా."

మేష్టారికి కళ్ళ ముందు పెద్ద మేడమ్ కనిపించింది. బీరు లేకపోతే మాట లేదు. మాట లేకపోతే బడే. "పోనీ పందెం వచ్చే ఏటికి వాయిదా వేసుకోకూడదూ" అని గొణిగింది భార్య. మేడమ్ ఫోన్ ఎలా వాయిదా పడుతుంది? మేష్టారు పార అందుకొని, నిధి దొరికినవాడిలా గుట్టని ఎడాపెడా పొడవడం మొదలుపెట్టాడు.

"పార దించు!"

అయిదేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని గొంతు అది. లోపల అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అప్పటికే బూట్లు తొడుక్కొని.

"పారతో పొడిస్తే సీసాలు ఉంటాయా, ఉన్నా వాటికి మూతులు ఉంటాయా? ముందు కడ్డీ. పార ఎప్పుడూ ఆఖరుకే. హాల్లో కర్టెన్ రాడ్లు పీక్కురండి."

పీక్కొచ్చారు. పక్కింటి పళ్ళ డాక్టరమ్మ కేకు పట్టుకొని భోజనానికి వచ్చింది పాపం. కేకు లాక్కొని ఆవిడ చేతిలోనూ ఒక రాడ్డు పెట్టారు. అత్తగారు ఏప్రను తుడుచుకుంటూ వచ్చి, "నా కోడి ఓవెన్లో ఉంది, ఏమిటీ సంత?" అంది. ఆవిడకి గొడుగు దొరికింది. అయిదుగురూ భుజానికి భుజం ఆనించి గుట్ట అంచున నిలబడ్డారు. మామగారు వెనక.

"ఎడమ పక్క గుచ్చు. మధ్యలో గుచ్చు. కుడి పక్క గుచ్చు. అందరూ ఒక్కసారే అడుగు ముందుకి. బలం పెట్టకండి, అరచేతికి తెలియాలి. నేల తగిలితే ఠక్కుమంటుంది. మనిషి తగిలితే మెత్తగా ఆగుతుంది."

"సీసా తగిలితే నాన్నా?" అన్నాడు బావమరిది.

"నాకేం తెలుసురా? ఇంతవరకూ సీసాలేవీ తప్పిపోలేదు. గుచ్చు!"

కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటే అదేనేమో. పది నిమిషాల దాకా ఉత్త మంచే. అప్పుడు పళ్ళ డాక్టరమ్మ "ఆగండాగండి! దవడపన్నులా గట్టిగా తగిలిందిక్కడ" అని అరిచింది. మామగారు మోకాలు పట్టుకొని మెల్లగా కూలబడి, చేతులతో మంచు తోడి, సీసాని మెడ దగ్గర కాకుండా నడుం దగ్గర పట్టుకొని పైకి తీశాడు. మెడలో మఫ్లరు తీసి తుడిచాడు. పగల్లేదు. "ఒకటి" అన్నాడు గట్టిగా, ఎవరో దూరంగా పుస్తకంలో రాసుకుంటున్నట్టు.

ఇక చూడండి సంబరం. వరసలన్నీ చెదిరిపోయి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి. గొడుగుతో అత్తగారే నాలుగు పట్టింది. అయిదోది బావమరిది తనదంటే, తనదని పోట్లాడింది. మామగారి బుగ్గల్లో రంగు వచ్చింది. ఆ కేకలు వింటుంటే మేష్టారు తన పందెం కాసేపు మరిచేపోయాడు. ఒంటి గంట దాటేసరికి వంటింటి కిటికీ గట్టు మీద ఇరవై మూడు సీసాలు నిలబడ్డాయి.

ఇరవై నాలుగోది లేదు.

గుట్టంతా మళ్ళీ గుచ్చారు. అడ్డంగా గుచ్చారు, నిలువుగా గుచ్చారు. లేదు. "ఆరుగురికి ఇరవై మూడు చాలవూ? కడుపులా, పీపాలా? కోడి మాడిపోతోంది" అంది అత్తగారు గొడుగు మడుస్తూ. అన్నదే గానీ లోపలికి అడుగు వెయ్యలేదు. ఎవరూ వెయ్యలేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకీ మెట్టినవాళ్ళకీ తెలిసిన నియమం ఒకటుంది. లెక్క తేలకుండా దళం ఇంటికి రాదు. మేష్టారి భార్య చిన్నప్పుడు ఎన్ని సెలవు భోజనాలు ఆ నియమం వల్ల చల్లారిపోయాయో లెక్కే లేదు. పోదాం పదండి అని ఆయన నోటితో ఆయన అనాలి.

ఆయన అనడం లేదు. గుచ్చండి అని కూడా అనడం లేదు. గోడకి ఒక చెయ్యి ఆనించి, గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ సన్నగా మంచు మొదలైంది.

"బావా, నిజంగా ఇరవై నాలుగేనా? బడి మానేసి చాలా కాలమైంది, మరిచిపోయుంటావు" అన్నాడు బావమరిది.

ఇరవై నాలుగే. మేష్టారు తల మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేసి చెప్పగలడు. కానీ ఆయన అప్పుడు మామగారి మోకాలు చూస్తున్నాడు. ప్యాంటు లోపల అది వణుకుతోంది. ఈ ముసలాయన ఇలాగే నిలబడతాడు, చీకటి పడేదాకా నిలబడతాడు, రేపు మంచం మీంచి లేవలేడు. తన సీసాల కోసం, తన వెర్రి పందెం కోసం. మేష్టారికి సిగ్గేసింది.

"మామయ్యా, నేనే తప్పు లెక్కపెట్టాను. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆఖరి వరసలో అయిదే పెట్టాను. ఇరవై మూడే."

బావమరిది పగలబడి నవ్వాడు. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంట! బావా, ఇది ఊరంతా చెప్తాను." పళ్ళ డాక్టరమ్మ బుగ్గలు నొక్కుకొని, "మా మనవణ్ణి మీ దగ్గరికి ట్యూషన్‌కి పంపుదామనుకున్నానే, దేవుడు కాపాడాడు" అంది. మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. ఇంట్లో ఉప్పు డబ్బాలో ఎన్ని చెంచాల ఉప్పుందో చెప్పగలిగే మొగుడు తప్పు లెక్కపెట్టాడంటే ఆవిడ నమ్ముతుందా?

అందరూ లోపలికి తిరిగారు.

"ఆగండి" అన్నాడు మామగారు. ఆజ్ఞలా లేదది. గొంతు సవరించుకొని, గోడ వైపు చూస్తూ, "మేష్టారు లెక్క తప్పలేదు. ఇరవై నాలుగే" అన్నాడు. "ఒకటి నిన్న సాయంత్రమే నేను తీశాను."

"తీసి?" అంది అత్తగారు.

"తీసి ఏం చేస్తారు? తాగాను."

"కాలు పట్టేసింది, పెరట్లో నాలుగడుగులు వేసొస్తానని పోయింది ఇందుకా!"

"మరి రెండోసారి గుట్టంతా మా చేత ఎందుకు గుచ్చించావు నాన్నా?" అన్నాడు బావమరిది, అరచేతులు ఊదుకుంటూ.

"ఇరవై మూడు కాగానే చెప్పేద్దామనుకున్నాన్రా. నోరు పెగల్లేదు." తేలు కుట్టిన దొంగ మంచులో నిలబడితే ఎలా ఉంటాడో అలా ఉన్నాడాయన. "ఎప్పుడూ తీస్తాను. ముందు రోజు నువ్వు సీసాలు తెచ్చి పెట్టి వెళ్ళగానే ఒకటి. ఇన్నేళ్ళూ నువ్వు లెక్కపెట్టి పెట్టలేదు, నీకు తెలియలేదు."

"ఎందుకు మామయ్యా?"

"నా దళాన్ని ఏ వాలు మీదికీ నేను ముందు దిగి చూడకుండా పంపలేదయ్యా. ఇంతమంది ముందు మూత తీశాక అది బాగాలేకపోతే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు? తేడాగా ఉంటే అప్పుడే మీ ఇంటికొచ్చి చెప్దామని."

"ఎప్పుడూ రాలేదే."

"అవసరం పడలేదు" అన్నాడు మామగారు.

మేష్టారికి ఏడుపొచ్చింది. వస్తే వచ్చిందిలే, మంచు పడుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. భార్య మాత్రం ఆయన చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయింది.

కోడి ఒక పక్క మాడింది. మాడిన పక్క బావమరిది కంచంలో వేసింది అత్తగారు, మంచి మనసుకి బహుమానంగా. పుట్టగొడుగుల సూపు మళ్ళీ వెచ్చబెట్టారు. కిటికీలకి కర్టెన్లు లేవు కాబట్టి వీధిలో పోయేవాళ్ళందరూ వీళ్ళ కంచాల్లోకి చూస్తూ పోతున్నారు. మేష్టారు మూతలు తీశాడు. నల్లగా, గోధుమరంగు నురగతో ఒక్క చుక్క పొంగకుండా దిగింది గ్లాసుల్లోకి. మామగారు గుక్కెడు తాగాడు. మీసం తుడుచుకున్నాడు. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"తాగొచ్చు" అన్నాడు.

బల్ల బల్లంతా గొల్లున నవ్వింది. "ఆ మంచి మాటేదో అంటే నీ సొమ్మేం పోయింది నాన్నా?" అంది కూతురు.

"ఒకసారి ఒక కుర్రాణ్ణి అందరి ముందూ భేష్ అన్నాను. మర్నాడే వాడు తాడు కట్టుకోకుండా దిగి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ మాట మళ్ళీ వాడలేదు నేను" అన్నాడు మామగారు. ఇంకో గుక్క తాగి, గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు. "మొదటి ఏడు చేదు విషం. అయినా సీసా ఖాళీ చేశాను. రెండో ఏడు మాడిన రొట్టె వాసన. మూడో ఏడు నారింజ తొక్క వేశాడు, అప్పుడు రెండోది కూడా తీశాను. నాలుగో ఏడు..." అల్లుడి వైపు తిరిగాడు. "నాలుగో ఏడు పలచగా ఉంది. ఆ ఏడే మీ అమ్మగారు పోయారు. నీ చెయ్యి పడలేదు అందులో, నాకు తెలుసు. అయిదోది తేనె. ఆరోది నురగెక్కువ, నా మీసం తడవలేదు గానీ చొక్కా తడిసింది..."

ఎనిమిదేళ్ళూ చెప్పుకుపోతున్నాడు. మేష్టారికే ఆరో ఏడు ఏం కాచాడో గుర్తులేదు. ముక్క చేతిలో పట్టుకొని అలాగే వింటూ కూచున్నాడు. ఒక్క సీసా కూడా మరిచిపోలేదీయన.

అప్పుడు మోగింది ఫోను.

మేష్టారు దానివంక చూశాడు గానీ తియ్యలేదు. ఆయన భార్య ఇక ఉండబట్టలేక అందరికీ వినబడేటట్టు చెప్పేసింది. "పెద్ద మేడమ్. ఈయన్ని మళ్ళీ బడికి రమ్మంటున్నారు. ఇప్పుడే చెప్పాలి. నువ్వు మంచి మాటంటే ఇక్కడే ఉంటారట, లేకపోతే పోతారట. పందెం!"

బావమరిది నమలడం ఆపాడు. ఫోను మోగుతూనే ఉంది. అత్తగారు బల్ల కింద మొగుడి కాలు తొక్కింది, మంచి కాలే. ముప్ఫయ్యొక్కేళ్ళు ఎంతోమందిని బయటికి లాగిన మనిషికి ఆ ఒక్క మాట గొంతులోంచి లాగడం చేత కాలేదు. గ్లాసులో మిగిలింది ఒక్క గుక్కలో తాగేసి, అల్లుడి కళ్ళలోకి సూటిగా చూశాడు.

"వచ్చే ఏడు ఇరవై అయిదు తీసుకురా. నాది విడిగా, ఆ గోడ మీద పెట్టు. వంగలేకపోతున్నాను."

మేష్టారు లేచి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "క్షమించండి మేడమ్, రాలేను" అన్నాడు. "వచ్చే ఏడాదికి ఇప్పుడే ఒక ఆర్డరు తీసుకున్నాను."